ముప్ఫై రెండో పాదం

ఏప్రిల్ ఇరవై మూడు, ఆఖరి పనిదినం.
తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా
అని నల్లబల్ల మీద మొదలుపెట్టి
సగంలో సుద్దముక్క అయిపోతే
మిగతాది నోటితో చెప్పేశాను.

పరీక్షలు ముగిశాయి. ముప్ఫై ఒక్కరూ పాసే.
ఐదో తరగతి తొమ్మిదిమందీ జూన్ నుంచి
రోడ్డవతల హైస్కూలుకి వెళ్తారు,
లారీలు చూసి దాటించండి.
తిత్లీకి లేచిపోయిన వంటగది రేకు
ఈ ఏడూ రాలేదు, అడుగుతూనే ఉన్నాను.
సెలవుల్లో గుడ్డు ఉండదు, చిక్కీ ఉండదు.
బడి తెరిచేది జూన్ పన్నెండు.

ఇదంతా ఫోన్లో గ్రూపులోనూ పెట్టాను.
అండమాన్‌లో తాపీ పట్టే ఢిల్లేశ్వరి నాన్న
నిమిషంలో ఒక దణ్ణం బొమ్మ పంపాడు.
ఏడాదిలో ఏ కబురు పంపినా ఆయనదదే జవాబు.

వరండాలో అమ్మలు.
జీడిపిక్కల ఫ్యాక్టరీ నుంచి అటే వచ్చారు
కాశీబుగ్గ ఎండంతా నెత్తిన పెట్టుకుని.
చీరల్లో కమురు వాసన.
మెషీన్ మీద వేలు పెట్టమంటే
అది వాళ్ళని పోల్చుకోదు.
వేలిగీతల్ని జీడిసొన ఎప్పుడో తినేసింది.
మరోసారి నొక్కమ్మా, అంటాను.
తవిటమ్మ నవ్వుతుంది:
"నాను నానే గదమ్మా,
దానికేటి డౌటు?"

ప్రోగ్రెస్ కార్డులు పంచాను.
తవిటమ్మకి చదువు రాదు.
నాలుగో తరగతి ఢిల్లేశ్వరి
చంకలో తమ్ముణ్ణి ఎగదోసుకుంటూ
గోడకి ఆనుకుని అమ్మకి చదివిపెడుతోంది.
తెలుగు ఏ. ఇంగ్లీషు బి.
లెక్కలు సి. ఆ సి దగ్గర గొంతేమీ తగ్గించలేదు.
హాజరు దగ్గర ఆగింది.

అక్కడున్నది నా దస్తూరి.
రెండువందల ఇరవైకి నూట నలభై ఏడు.
కింద ఎర్రసిరాతో, కాస్త ఒత్తి కూడా:
తరచుగా గైర్హాజరు. తల్లి శ్రద్ధ వహించవలెను.

"ఏటి రాసినారే?"
"హాజరు బాగుందంట.
ఎండలో మామిడితోటలంట తిరగొద్దన్నారు."
"మంచి మాటే గదా," అంది తవిటమ్మ,
కార్డుని కళ్ళకద్దుకుని
రవికలో దోపుకుంది.

పిల్ల నావైపు చూడలేదు.
నేను రిజిస్టరు వైపు చూశాను.
ఏడాదంతా ఆ పేరు వెంట అడ్డంగా
సున్నాలు లెక్కపెట్టుకుంటూ పోయానే గాని
ఒక్కో సున్నా మీంచి నిలువుగా పైకెళ్ళి
అది ఏ వారమో చూడలేదు.
మంగళవారం. శుక్రవారం.
మళ్ళీ మంగళవారం.

పలాస ఆసుపత్రిలో
వాళ్ళ నాయనమ్మకి రక్తం కడిగే రోజులు.
మిగతా రోజుల్లో చంటాణ్ణి చూసే చేతులవే.
నేను బడి దగ్గర దిగిన ఆటోలోనే
తవిటమ్మ అత్తని ఎక్కించుకుని వెళ్తుంది.
ఎన్నిసార్లు ఆ ముసలామెకి చెయ్యందించానో!
జాగ్రత్తమ్మా అనేసి
లోపలికొచ్చి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని
సున్నా పెట్టాను.

అందరూ వెళ్ళిపోయాక
బూట్ల కొలతల కాగితాలు సర్దాను.
పిల్లల పాదాల చుట్టూ పెన్సిల్ గీతలు,
మండలం ఆఫీసుకి పంపాలి.
గీయించింది ఢిల్లేశ్వరి చేత,
దాని చెయ్యి వణకదు.
ముప్ఫై ఒకటి ఉండాలి.
రెండుసార్లు లెక్కపెట్టినా ఒకటి ఎక్కువ.

అడుగున, నా అరచేతిలో సగం లేని పాదం.
బొటనవేలు కదిలినచోట గీత చెదిరింది.
పక్కన గుండ్రటి అక్షరాలు:
సిన్నోడు. తరగతి ఇంకా లేదు.

కార్డు మీది ఎర్రసిరా ఇప్పుడు నా చేతిలో లేదు,
తవిటమ్మ రవికలో, చెమటకి
ఏపాటి కరిగిందో తెలీదు.
కవరుకి జిగురు రాశాను.
అంటుకునేదాకా అరచేత్తో అదిమిపట్టాను.
ముప్ఫై రెండూ లోపలే ఉన్నాయి.